ముందు ప్లాట్‌ఫామ్, తర్వాత కోచ్: మెట్రో రైలు పొడవు లెక్కలు
(విశాఖపట్నంలో ఇంజనీరింగ్ విద్యార్థులు, నగరవాసుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

నమస్కారమండీ. వెనక వరసలో వాళ్లకి వినపడుతోందా? సరే, మొదలుపెడతాను.

మెట్రో ఇంకా కట్టని ఊళ్లో ఈ విషయం మాట్లాడే అవకాశం రావడం నాకు చాలా సంతోషంగా ఉంది. కట్టేసిన ఊళ్లో మాట్లాడితే జనం బుర్ర ఊపి, నిట్టూర్చి వెళ్లిపోతారు, ఎందుకంటే అప్పటికే సగం నిర్ణయాలు కాంక్రీటులో గడ్డకట్టేసి ఉంటాయి. ఇక్కడ అలా కాదు. విశాఖలో సుమారు 46 కిలోమీటర్లు, విజయవాడలో 38 కిలోమీటర్లు అనుకుంటున్నారు, ఇంకా పునాదులు పడలేదు. అడగాల్సినవి ఇప్పుడే అడగాలి.

నేను రోలింగ్ స్టాక్ ప్లానింగ్ చేస్తాను. ఒక లైన్ మీద ఎన్ని రైళ్లు తిరగాలి, ఒక్కో దానికి ఎన్ని కోచ్‌లుండాలి, వాటిని ఎప్పుడు ఆర్డర్ ఇవ్వాలి, రాత్రిపూట ఎక్కడ నిలబెట్టాలి, అదీ నా పని. బయటికి కనపడని పని, కానీ సాయంత్రం ఆరున్నరకి మీకు రైల్లో కాలు పెట్టే చోటు దొరుకుతుందా లేదా అన్నది చాలా వరకు ఈ లెక్కల్లోనే తేలిపోతుంది.

హైదరాబాద్ మెట్రో ఎక్కే ప్రతి మనిషీ ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న ఒకటుంది. "మూడే కోచ్‌లెందుకండీ? ఇంకో మూడు తగిలిస్తే ఏం పోయింది?" చాలా న్యాయమైన ప్రశ్న. అమీర్‌పేటలో మారేవాళ్లు, హైటెక్ సిటీ వైపు వెళ్లేవాళ్లు, ఆఫీసు వేళల్లో ఆడవాళ్లకి కేటాయించిన భాగంలో ఊపిరాడక నిలబడేవాళ్లు, వీళ్లంతా అడుగుతున్నది ఇదే. దానికి సమాధానం చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

హైదరాబాద్ మెట్రోకి రైళ్లు తయారుచేసింది కొరియా కంపెనీ హ్యుండయ్ రోటెం. ఒప్పందం 2012లో జరిగింది. మొత్తం 57 రైళ్లు, ఒక్కోదానికి 3 కోచ్‌లు, అంటే 171 కోచ్‌లు. 2017 నవంబర్ 28న నాగోల్ నుంచి మియాపూర్ దాకా 30 కిలోమీటర్లతో మొదలైంది, ఆ తర్వాత విడతలవారీగా పెరిగి 2020 ఫిబ్రవరిలో జేబీఎస్-ఎంజీబీఎస్ ముక్క కూడా తెరిచారు, అప్పటికి మొత్తం 69 కిలోమీటర్ల దాకా వచ్చింది. 2023 జూలైలో రోజువారీ ప్రయాణికులు మొదటిసారి 5 లక్షలు దాటారు. ఇన్నేళ్లూ మోసింది ఆ 57 రైళ్లే.

ఇప్పుడు చాలామందికి తెలియని విషయం. హైదరాబాద్ స్టేషన్లు 6 కోచ్‌లకి సరిపడా కట్టారు. రైలు వచ్చి ఆగినప్పుడు ప్లాట్‌ఫామ్ సగం ఖాళీగా కనపడుతుంది కదా, అది మిగిలిపోయిన స్థలం కాదు, రాబోయే 3 కోచ్‌ల కోసం ఉంచిన స్థలం. మన ఊళ్లలో ఇల్లు కట్టేటప్పుడు పై అంతస్తు ఎప్పుడో వేద్దామని పునాది గట్టిగా వేసి, స్లాబు మీద ఇనుప చువ్వలు పైకి వదిలేస్తారు చూడండి, సరిగ్గా ఆ పని. డబ్బు ఇప్పుడు లేకపోయినా పర్లేదు, రేపు పైకి లేపడానికి వీలుండాలి. హైదరాబాద్‌లో ఆ దూరదృష్టి చూపించినవాళ్లకి నేను మనస్ఫూర్తిగా దండం పెడతాను. కానీ రెండో సగం పని, అంటే కోచ్‌లు తెప్పించడం, జరగలేదు. ఎందుకు జరగలేదో తర్వాత చెప్తాను. ముందు లెక్క చూద్దాం, బోర్డు మీద రాస్తాను, చాలా తేలిక.

ఒక లైన్‌కి ఎన్ని రైళ్లు కావాలి? రైలు ఈ చివర బయల్దేరి, ఆ చివరికి వెళ్లి, తిరిగి ఇదే చోటికి వచ్చి మళ్లీ బయల్దేరడానికి సిద్ధమయ్యేంత సమయాన్ని, రెండు రైళ్ల మధ్య వ్యవధితో భాగించండి. అంతే. మియాపూర్-ఎల్బీనగర్ 29 కిలోమీటర్లు. స్టేషన్లలో ఆగుతూ పోయే మెట్రోకి సగటున గంటకి 33 కిలోమీటర్లు అనుకుంటే, ఒకవైపు 53 నిమిషాలు. రెండు వైపులా 106, రెండు చివర్లా తిరగడానికి ఒక మూడేసి నిమిషాలు, మొత్తం 112. అయిదు నిమిషాలకో రైలు కావాలంటే 112ని 5తో భాగిస్తే 23 రైళ్లు. నాగోల్-రాయదుర్గం కూడా దాదాపు 29 కిలోమీటర్లే, అక్కడ రద్దీ ఎక్కువ కాబట్టి నాలుగు నిమిషాలకి ఒకటి అనుకోండి, 28 రైళ్లు. జేబీఎస్-ఎంజీబీఎస్ 11 కిలోమీటర్లు, ఎనిమిది నిమిషాలకొకటి అంటే 6 చాలు. కూడండి. 23, 28, 6... 57.

ఇది నేను ఇక్కడ వేసిన లెక్క, అక్కడి అసలు టైమ్‌టేబుల్ కాదు, గంట గంటకీ మారుతుంది. కానీ దీన్ని బట్టి మీకొకటి అర్థం కావాలి, ఆ 57లో డిపోలో రిపేరుకి, చెకింగ్‌కి వెళ్లేవి లెక్కలోకి రానేలేదు. మామూలుగా పదికి ఒకటి చొప్పున పక్కన పెట్టుకోవాలి. అంటే ఈ వ్యవధుల దగ్గరే ఫ్లీట్, అంటే ఉన్న మొత్తం రైళ్ల బలగం, చేతులెత్తేస్తుంది. ఇక వ్యవధి తగ్గించమని అడిగితే ఎక్కణ్నుంచి తెస్తారు? పట్టాలున్నాయి, సిగ్నలింగ్ ఉంది, కంప్యూటర్లతో రైళ్లని దగ్గర దగ్గరగా నడిపే సీబీటీసీ పద్ధతి అక్కడుంది, లేనిది కోచ్‌లే.

ఇప్పుడు అసలు చర్చకి వద్దాం. కోచ్‌లు దొరికాయనుకోండి. రైలు పొడవు పెంచాలా, రైళ్ల సంఖ్య పెంచాలా?

మూడు కోచ్‌ల రైల్లో కిక్కిరిస్తే దాదాపు వెయ్యి మంది పడతారు. మూడు నిమిషాలకొకటి అంటే గంటకి 20 రైళ్లు, ఒక దిశలో 20 వేల మంది. దీన్ని 40 వేలు చేయాలంటే రెండు దారులు. అదే మూడు కోచ్‌ల రైలుని నిమిషంన్నరకి ఒకటి నడపడం, లేదా ఆరు కోచ్‌ల రైలుని మూడు నిమిషాలకొకటి నడపడం. కాగితం మీద రెండింటికీ కోచ్‌ల సంఖ్య ఒకటే. చాలామంది ఇక్కడ ఆశ్చర్యపోతారు. రైలు పొడుగు చేస్తే డబ్బు ఆదా అనుకుంటారు, కోచ్‌ల మీద ఆదా ఏమీ లేదు. ఆదా ఎక్కడుందంటే డ్రైవర్ క్యాబిన్లలో, డ్రైవర్లలో. మూడు కోచ్‌ల రైలుకి రెండు చివర్లా క్యాబిన్లుండాలి. దాని మధ్యలోకి మూడు కోచ్‌లు దూరిస్తే వాటికి క్యాబిన్ అక్కర్లేదు, డ్రైవర్ కూడా ఒక్కడే.

మరి ప్రయాణికుడికి ఏది మేలు? నన్నడిగితే మొదట్లో పొట్టి రైలు, త్వరత్వరగా. పది నిమిషాలకొచ్చే ఆరు కోచ్‌ల రైలు కన్నా అయిదు నిమిషాలకొచ్చే మూడు కోచ్‌ల రైలే జనాన్ని స్కూటర్ దించి మెట్రో ఎక్కిస్తుంది. కొత్త లైన్ తెరిచినప్పుడు ఇదే ముఖ్యం. కానీ దీనికొక హద్దుంది. నిమిషంన్నర అని సిగ్నలింగ్ కాగితాల్లో రాసి ఉండొచ్చు. అమీర్‌పేట లాంటి చోట తలుపులు తెరిచి, దిగేవాళ్లు దిగి, ఎక్కేవాళ్లు తోసుకుని ఎక్కి, తలుపు మూతపడకుండా అడ్డం నిలబడ్డవాళ్లని లోపలికి జరిపేసరికి నిమిషం పోతుంది. చివరి స్టేషన్లో రైలు ఈ ట్రాక్ నుంచి ఆ ట్రాక్‌కి మారి, డ్రైవర్ ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి వెళ్లడానికి ఇంకొంత. ఆచరణలో రెండు, రెండున్నర నిమిషాల దగ్గర గోడ తగులుతుంది. ఆ గోడ తగిలాక పొడవు తప్ప ఇంకో దారి లేదు. పొడవు పెంచితే ఇంకో లాభం, తలుపులు కూడా రెట్టింపవుతాయి. మూడు కోచ్‌లకి ఒకవైపు 12 తలుపులైతే ఆరింటికి 24. అదే గుంపు రెట్టింపు తలుపుల్లోంచి ఎక్కుతుంది కాబట్టి రైలు తొందరగా కదులుతుంది.

అందుకే నేను ఎక్కడికెళ్లినా పట్టుబట్టేది ఇదొక్కటే. ప్లాట్‌ఫామ్ పొడుగ్గా కట్టండి, రైలు పొట్టిదైనా సరే కొనండి, మిగతా కోచ్‌లు ఎప్పుడు ఏ ధరకి కొనాలో మొదటి ఒప్పందంలోనే రాసుకోండి. మూడూ కలిసి ఉండాలి. ఒకటి తగ్గినా మిగతా రెండూ పనిచేయవు.

ప్లాట్‌ఫామ్ తగ్గిస్తే ఏమవుతుందో చెప్తాను. కెనడాలో వాంకూవర్ అనే ఊళ్లో కెనడా లైన్ ఉంది, 2009 ఆగస్టులో మొదలైంది. హైదరాబాద్ లాగే ఇది కూడా ప్రైవేటు భాగస్వామ్యంతో కట్టిందే, రైళ్లు కూడా మన హైదరాబాద్‌కి ఇచ్చిన రోటెంవే. ఖర్చు తగ్గించాలని రెండు కోచ్‌ల రైళ్లు పెట్టారు, చాలా స్టేషన్లలో ప్లాట్‌ఫామ్ 40 మీటర్లే, 50 దాకా మాత్రం పెంచుకునే వీలుంచారు. అనుకున్న సంవత్సరం కన్నా ముందే రోజుకి లక్షమంది దాటారు. ఇప్పుడేం చేయాలి? మధ్యలో ఒక పొట్టి కోచ్ మాత్రం ఎప్పుడో దూర్చగలరు. అంతకు మించి కావాలంటే భూమి లోపలున్న స్టేషన్లు పగలగొట్టాలి. అందుకని ఇంకో 12 రైళ్లు కొని, వ్యవధి తగ్గించుకుని సర్దుకున్నారు. విమానాశ్రయానికి వెళ్లే లైన్ అది, పెట్టెలతో వచ్చేవాళ్లు, ఆఫీసులకి వెళ్లేవాళ్లు అందరూ అందులోనే.

లండన్‌లో డాక్‌ల్యాండ్స్ లైట్ రైల్వే ఇంకా విచిత్రం. 1987లో మొదలైనప్పుడు ఒక్కో రైలుకి ఒకే ఒక వాహనం, 28 మీటర్లు. పాడుబడ్డ ఓడరేవు ప్రాంతం, ఎవరొస్తారులే అనుకున్నారు. కొన్నేళ్లలో అక్కడ కెనరీ వార్ఫ్ ఆకాశహర్మ్యాలు లేచాయి. ప్లాట్‌ఫామ్‌లు ఒకసారి రెండు వాహనాలకి పొడిగించారు, తర్వాత మళ్లీ మూడింటికి పొడిగించారు, లైన్ నడుస్తుండగానే, వారాంతాల్లో మూసి, మళ్లీ తెరిచి. కట్టీ సార్క్ అనే స్టేషన్ భూగర్భంలో ఉంది, దాన్ని పొడిగించడం కుదరక ఈ రోజుకీ అక్కడ రైలు రెండు చివర్ల తలుపులు తెరుచుకోవు, ముందుగా మధ్యకి నడిచి రావాలి. ఒక తరం తర్వాత కూడా ఆ మొదటి నిర్ణయం ప్రయాణికుల కాళ్లకి అడ్డంపడుతూనే ఉంది.

అలాగని అందరికీ ఆరు కోచ్‌లు కావాలని నేను అనను. కొచ్చిలో 2017 నుంచి మూడు కోచ్‌లతో నడుస్తోంది, ప్లాట్‌ఫామ్‌లు దానికి తగ్గట్టే 70 మీటర్ల దగ్గర ఆపేశారు. ఆ ఊరి పరిమాణానికి అది ఆలోచించి చేసిన పనే. స్టేషన్ పొడవు పెరిగితే ఖర్చు ఊరికే పెరగదు, రోడ్డు మధ్యలో స్తంభాలు, ఇరుకు కూడళ్లు, భూసేకరణ, అన్నీ పెరుగుతాయి. కాకపోతే పొట్టిగా కట్టాలనుకుంటే ముప్పై ఏళ్ల జనాభా లెక్కతో అనుకోవాలి, ఈ ఏడాది బడ్జెట్ చూసి అనుకోకూడదు.

మంచి ఉదాహరణలు మన దేశంలోనే ఉన్నాయి. ఢిల్లీ ఎల్లో లైన్, బ్లూ లైన్ నాలుగు కోచ్‌లతో మొదలయ్యాయి. ప్లాట్‌ఫామ్ మొదటి రోజే ఎనిమిదికి కట్టారు. జనం పెరిగే కొద్దీ ఆరు, తర్వాత ఎనిమిది. బెంగళూరు 2011 అక్టోబర్‌లో మూడు కోచ్‌లతో మొదలైంది, ఎంతోమంది తెలుగువాళ్లు ఆ రైళ్లలో రోజూ ఆఫీసుకి నలుగుతూ వెళ్లారు. 2017లో ప్రభుత్వ రంగ తయారీ సంస్థ బీఈఎంఎల్‌కి 150 కోచ్‌లు ఆర్డర్ ఇచ్చారు, 50 రైళ్లకి మూడేసి. 2018 జూన్‌లో మొదటి ఆరు కోచ్‌ల రైలు పర్పుల్ లైన్ మీద దిగింది, తర్వాత ఒక్కొక్కటిగా మార్చుకుంటూ వచ్చారు. ఒక్కో రైలుని తీసుకెళ్లి విడదీసి, మధ్యలో కొత్త కోచ్‌లు పెట్టి, బ్రేకులు, సాఫ్ట్‌వేర్, తలుపులు అన్నీ పరీక్షించి పంపాలి కాబట్టి మొత్తం పూర్తవడానికి సంవత్సరాలు పట్టింది. పని జరిగింది మాత్రం. హైదరాబాద్ ఇకపై చేయాల్సింది కూడా సరిగ్గా ఇదే, కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు.

అదే బెంగళూరు ఇంకో పాఠం కూడా నేర్పింది, ఇది నన్ను నిజంగా బాధపెట్టిన విషయం. ఎల్లో లైన్. ఆర్వీ రోడ్ నుంచి బొమ్మసంద్ర, 19 కిలోమీటర్లు, ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా వెళ్తుంది. ఆ దారిలో ట్రాఫిక్ ఎలా ఉంటుందో ఇక్కడ చాలామందికి తెలుసు, మీ పిల్లలో, అన్నదమ్ములో అక్కడే పనిచేస్తుంటారు. 2019 డిసెంబర్‌లో చైనా కంపెనీ సీఆర్ఆర్‌సీకి 216 కోచ్‌ల కాంట్రాక్టు ఇచ్చారు, సుమారు 1,578 కోట్లకి. మన దేశంలోనే తయారు చేయాలన్నది షరతు. ఆ తర్వాత సరిహద్దు ఉద్రిక్తతలు, చైనా పెట్టుబడుల మీద ఆంక్షలు, కోవిడ్. చివరికి పశ్చిమ బెంగాల్‌లోని టిటాగఢ్‌తో కలిసి చేయించుకోవాల్సి వచ్చింది. మొదటి రైలు బెంగళూరు చేరింది 2024 ఫిబ్రవరిలో. స్తంభాలు లేచాయి, స్టేషన్లు సిద్ధం, పట్టాలు సిద్ధం, కింద రోడ్డు మీద జనం గంటల తరబడి ఆగి పైకి చూస్తున్నారు. 2025 ఆగస్టు 10న తెరిచారు, మూడంటే మూడు రైళ్లతో. 25 నిమిషాలకి ఒకటి.

వేల కోట్ల లైన్ కట్టి, పాతిక నిమిషాలకో రైలు. తప్పు ఎవరిదని నేను ఇక్కడ తేల్చబోవడం లేదు, చాలా కారణాలున్నాయి. నేను చెప్పేది ఏమిటంటే, సివిల్ పనులకి ఇచ్చినంత శ్రద్ధ, మంత్రులు వారం వారం సమీక్షలు, డ్రోన్ ఫోటోలు, వాటిలో పదో వంతు కోచ్‌ల ఆర్డర్ మీద కూడా పెట్టాలి. కోచ్ అనేది షాపులో దొరికే వస్తువు కాదు. డిజైన్ ఖాయం చేయాలి, నమూనా రైలు తయారవ్వాలి, రైల్వే పరిశోధన సంస్థ ఆర్డీఎస్ఓ వాళ్లు ఊగులాట పరీక్షలు చేయాలి, సిగ్నలింగ్‌తో కలిపి పరీక్షించాలి, మెట్రో రైల్వే సేఫ్టీ కమిషనర్ సంతకం పెట్టాలి. అన్నీ సవ్యంగా జరిగినా రెండు, మూడేళ్లు. ఈ రోజు రద్దీ చూసి ఈ రోజు ఆర్డర్ ఇస్తే, మూడేళ్ల తర్వాత రద్దీకి అది చాలదు.

హైదరాబాద్‌లో రెండో సగం పని ఎందుకు ఆగిందో చెప్తానన్నాను. అక్కడ ఇన్నాళ్లూ రైళ్లు నడిపింది ప్రైవేటు కంపెనీ, టికెట్ల మీద, స్థలాల అద్దెల మీద తన అప్పు తీర్చుకోవాల్సి వచ్చింది. కోవిడ్ దెబ్బ, అప్పు 13 వేల కోట్ల దాకా. అలాంటి పరిస్థితిలో కొత్త కోచ్‌లకి డబ్బెవరు పెట్టాలి? ప్రయాణికులు పెరిగితే లాభం ఊరికంతటికీ వస్తుంది, రోడ్లు ఖాళీ అవుతాయి, పొగ తగ్గుతుంది, కానీ కోచ్ బిల్లు మాత్రం ఒకరికే వస్తుంది. ఒప్పందం రాసినప్పుడే "ఇంత రద్దీ దాటితే ఇన్ని కోచ్‌లు, వాటికి డబ్బు ఇలా" అని స్పష్టంగా రాసుకోకపోతే ఎవరి తప్పూ లేకుండానే పని ఆగిపోతుంది. 2025 సెప్టెంబర్‌లో మొదటి దశని, అంటే ఆ 69 కిలోమీటర్లని, తెలంగాణ ప్రభుత్వమే తీసుకోవడానికి సూత్రప్రాయంగా ఒప్పందం కుదిరింది. ఇక కోచ్‌ల సంగతి ప్రభుత్వం చేతిలో ఉంటుంది కాబట్టి దీని మీద జనం గట్టిగా అడగాలని నా కోరిక.

ఇంకో చిక్కు. పదేళ్ల తర్వాత పాత డిజైన్‌లోనే ఇంకొన్ని కోచ్‌లు కావాలని కంపెనీ దగ్గరికి వెళ్తే, అప్పటికి ఆ తయారీ లైన్ మూసేసి ఉంటారు, ఆ మోటార్లు, ఆ కంప్యూటర్ బోర్డులు మార్కెట్లో ఉండవు. చిన్న ఆర్డర్‌కి ఎవరూ ఆసక్తి చూపరు, చూపినా ధర మోత మోగుతుంది. అదే మొదటి ఒప్పందంలో "ఇన్నేళ్లలోపు ఇంకో ఇన్ని కోచ్‌లు ఈ ధర సూత్రంతో" అని ఆప్షన్ రాసుకుంటే ఆ బాధ చాలా వరకు తప్పుతుంది. కాగితం మీద రెండు పేజీలు, అంతే.

డిపో గురించి ఒక్క మాట. అందరూ ప్లాట్‌ఫామ్ చూస్తారు, డిపో చూడరు. ఆరు కోచ్‌ల రైలు రాత్రి పడుకోవడానికి 130, 140 మీటర్ల స్టేబ్లింగ్ లైన్ కావాలి, కింద నిలబడి తనిఖీ చేసే పిట్ లైన్ కూడా అంతే ఉండాలి. షెడ్డు మూడు కోచ్‌లకి కట్టేసి, గోడ అవతల భూమి ఇంకొకరికి ఇచ్చేస్తే, స్టేషన్లు ఎంత పొడుగున్నా లాభం లేదు. అలాగే కరెంటు. రైలు రెట్టింపైతే బయల్దేరేటప్పుడు లాగే కరెంటు కూడా రెట్టింపవుతుంది, సబ్‌స్టేషన్‌లో ఇంకో ట్రాన్స్‌ఫార్మర్‌కి చోటు వదలాలి.

కోచ్ పొడవు గురించి విద్యార్థులు అడుగుతుంటారు, మెట్రో కోచ్ 21, 22 మీటర్లే ఎందుకు, ఇంకా పొడుగు చేయొచ్చు కదా అని. మలుపులో కోచ్ ముందొకటి, వెనకొకటి ఉండే చక్రాల బండ్ల మీద నిలబడి తిరుగుతుంది కాబట్టి మధ్య భాగం లోపలివైపుకి, చివర్లు బయటివైపుకి పొడుచుకొస్తాయి. కోచ్ పొడుగయ్యే కొద్దీ ఈ పొడుచుకు రావడం పెరుగుతుంది, ఊళ్ల మధ్య ఇరుకు మలుపుల్లో స్తంభాలకి, గోడలకి తగలకుండా దూరం వదలాలి, వంపు ప్లాట్‌ఫామ్ దగ్గర సందు పెరుగుతుంది. పొడవు మారితే మొత్తం రైలు ఎలా మారుతుందో మన ఎక్స్‌ప్రెస్ రైళ్లలోనే చూశారు. పాత ఐసీఎఫ్ కోచ్ సుమారు 21.3 మీటర్లు, కొత్త ఎల్‌హెచ్‌బీ 23.5 మీటర్లు. అందుకే 24 పాత కోచ్‌లతో నడిచిన రైళ్లు ఎల్‌హెచ్‌బీకి మారాక 22కి తగ్గాయి, లేకపోతే ప్లాట్‌ఫామ్, స్టేషన్లో రైలు పక్కకి ఆగే లూప్ లైన్ చాలవు. ఢిల్లీ మొదటి లైన్లలో కోచ్ వెడల్పు 3.2 మీటర్లు, హైదరాబాద్ లాంటి పట్టాల మధ్య దూరం తక్కువుండే స్టాండర్డ్ గేజ్ మెట్రోల్లో 2.9. ఆ 30 సెంటీమీటర్లు కోచ్ పొడవునా వేసుకుంటే ఎంతమంది నిలబడే చోటో లెక్కేయండి.

మనవాళ్లు గర్వపడాల్సిన విషయం ఒకటి చెప్తాను. మన శ్రీసిటీలో ఆల్‌స్టామ్ ఫ్యాక్టరీ ఉంది. కొచ్చి మెట్రో రైళ్లు అక్కడ తయారయ్యాయి. ఆస్ట్రేలియాలో 2019లో మొదలైన సిడ్నీ మెట్రోకి ఆరు కోచ్‌ల డ్రైవర్ లేని రైళ్లు అక్కణ్నుంచే ఓడలెక్కి వెళ్లాయి, సిడ్నీ వాళ్లు ప్లాట్‌ఫామ్ మాత్రం ఎనిమిదికి కట్టుకున్నారు. కెనడాలో మాంట్రియల్ ఆర్ఈఎం లైన్‌కి 212 కోచ్‌లు కూడా శ్రీసిటీవే. అవి రెండేసి కోచ్‌ల జతలు. రద్దీ వేళ రెండు జతలు కలిపి నాలుగు కోచ్‌లుగా నడుపుతారు, ఖాళీ వేళ ఒక్క జతే. డ్రైవర్ లేడు కాబట్టి పొట్టి రైలుని తరచుగా నడపడానికి జీతం ఖర్చు పెరగదు. ప్రపంచానికి ఇలాంటి రైళ్లు చేసి పంపే రాష్ట్రం, తన ఊళ్లకి తెలివైన ప్లాన్ వేసుకోలేదా?

ఇక విశాఖ లెక్క వేసి ముగిస్తాను. స్టీల్‌ప్లాంట్ నుంచి కొమ్మాది దాకా 34 కిలోమీటర్ల పైచిలుకు. ఇందాకటి వేగంతో ఒకవైపు 62న్నర నిమిషాలు, రానూపోనూ, తిరగడంతో కలిపి 131 నిమిషాల దాకా. అయిదు నిమిషాలకి ఒకటి అంటే 27 రైళ్లు, స్పేర్‌తో 30. మూడు కోచ్‌లైతే 90. రేపు దీన్ని భోగాపురం విమానాశ్రయం దాకా ఇంకో 30 కిలోమీటర్లు పొడిగించారనుకోండి, అదే వ్యవధి నిలబెట్టాలంటే ఇంకో 22 రైళ్లు కావాలి. పొడిగింపు ప్రకటించే రోజు ఈ 22 గురించి ఎవరూ మాట్లాడరు. లైన్ పొడిగించి రైళ్లు కొనకపోతే ఉన్న రైళ్లే ఇంకా దూరం పరుగెత్తుతాయి, మధురవాడలో నిలబడ్డ మనిషికి అయిదు నిమిషాలకొచ్చే రైలు తొమ్మిది నిమిషాలకొస్తుంది. కాబట్టి ఈసారి ఎవరైనా ఇన్ని కిలోమీటర్లు అన్నప్పుడు, ఎన్ని కోచ్‌లు అని వెంటనే అడగండి.

ప్రశ్నలుంటే అడగండి, టైముంది.

(సభలోంచి: మూడేసి కోచ్‌ల రైళ్లు రెండింటిని కలిపి ఆరు చేయొచ్చు కదా సార్? కొత్త కోచ్‌లెందుకు?)

కలపొచ్చు బాబూ. కానీ 57 రైళ్లు 28 అవుతాయి, నాలుగు నిమిషాలకొచ్చేది ఎనిమిది నిమిషాలకొస్తుంది, గంటకి వెళ్లే మనుషుల సంఖ్య అంతే ఉంటుంది. పైగా మధ్యలో రెండు క్యాబిన్లు ఎదురెదురుగా వృథాగా ఉండిపోతాయి, ఈ సగం నుంచి ఆ సగానికి నడిచి వెళ్లలేరు. కోచ్‌లు పెరగనిదే సామర్థ్యం పెరగదు.

(సభలోంచి: హైదరాబాద్ లోకల్ రైలు ఎంఎంటీఎస్‌కి 12 కోచ్‌లున్నాయి కదండీ, మరి అదెందుకు సరిగ్గా నడవదు?)

మంచి ప్రశ్నండీ. 2003 నుంచీ ఉంది, కోచ్ వెడల్పు ఎక్కువ, టికెట్ చాలా తక్కువ, పొడవుకి కొదవ లేదు. అక్కడ లేనిది తరచుదనం. ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్స్ బళ్లు తిరిగే పట్టాల మీదే అదీ నడవాలి, కంట్రోల్ ఆఫీసులో దూరప్రాంత రైలుకి దారివ్వాలంటే లోకల్ ఆగాలి. ఎంత పొడుగు రైలైనా ఎప్పుడొస్తుందో నమ్మకం లేకపోతే ఉద్యోగి ఎక్కడు. కొన్ని చోట్ల వేరే ట్రాక్‌లు వేశారు, అక్కడ కాస్త మెరుగు. మిగతా చోట్ల కూడా అది పూర్తయితే చాలా చౌకలో పెద్ద మార్పు వస్తుందని నేను నమ్ముతాను.

(సభలోంచి: ఈ లెక్కలు మాకు కాగితం మీద ఇస్తారా?)

తప్పకుండా. బోర్డు మీదున్నది ఫోటో తీసుకోండి, విశాఖ లెక్క కింద ఎడమవైపు ఉంది. వేగం, వ్యవధి మార్చి మీరే వేసి చూడండి, విజయవాడవాళ్లు 38 కిలోమీటర్లని మొత్తంగా వేయకుండా ఒక్కో కారిడార్‌ని విడిగా వేయండి, లేకపోతే తిరిగే సమయం తప్పుతుంది.